అడవి నాచుకు ఆనవాళ్లు

సియాటెల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు వేసవిలో కార్లు వేసుకుని చూసివచ్చే చోట్లలో ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో వర్షారణ్యం ఒకటి. ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన కురిసే అడవి అది. హైదరాబాద్‌లో పడేదానికి నాలుగింతలు. అక్కడి ‘హాల్ ఆఫ్ మాసెస్’ కాలిబాట పొడవు సుమారు ఒక మైలే. కానీ ఆ దారి వెంట నేల, రాయి, కూలిపోయిన మాను, నిలబడి ఉన్న చెట్టు, దాని కొమ్మ, దేన్ని చూసినా పచ్చగా కప్పేసి ఉంటుంది. ఫోన్ తీసి ఫొటో కొట్టి ‘ఇది ఏ నాచు?’ అని అడిగితే, నాచుల సంగతి తెలిసినవాళ్లు ముందు ఎదురు ప్రశ్న వేస్తారు: ఎక్కడ చూశారు? నేల మీదా, బెరడు మీదా, కుళ్లిన దుంగ మీదా, రాతి మీదా?

సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ప్రపంచంలో నాచు జాతులు సుమారు 12,000. వాటిలో చాలా వాటికి ఆకు మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉంటుంది. దూరం నుంచి తీసిన ఫొటోలో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. పులిని ఎక్కడ చూసినా పులే అనగలం. నాచు విషయంలో అలా కుదరదు, అది దేన్ని పట్టుకుని బతుకుతోందో తెలిస్తే గానీ పేరు దగ్గరికి రాలేం. ఈ మాట ఏ గైడు పుస్తకంలోనైనా ఉంటుంది గానీ, ఫొటోల కాలంలో అందరూ మొదట మరిచిపోయేది దీన్నే.

అసలు చూస్తున్నది నాచేనా అన్నది ఇంకా ముందు తేల్చుకోవలసిన సంగతి. హాల్ ఆఫ్ మాసెస్‌లో ఎక్కువగా ఫొటోలకెక్కేవి బిగ్‌లీఫ్ మేపుల్ కొమ్మల నుంచి మూరలకొద్దీ వేలాడే పచ్చని తెరలు. వాటిలో పెద్ద భాగం నాచు కాదు, సెలాజినెల్లా ఒరెగానా. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు సెలాజినెల్లా పేరు గుర్తుండే ఉంటుంది. అది ఫెర్న్‌ల వైపు చేరే మొక్క. దానికి నీటిని మోసే నాళాలు ఉంటాయి, కొమ్మల చివర సన్నటి పలకల కంకులు వస్తాయి. నాచుకు కంకులు రావు. సన్నటి కాడ మీద చిన్న గుళిక నిలబడుతుంది, సిద్ధబీజాలు అందులో తయారవుతాయి. నాచుకు వేర్లు కూడా ఉండవు. మూలతంతువులు ఉంటాయి గానీ, అవి మొక్కను అంటిపెట్టుకుని ఉంచడానికే. ఆకు చాలా జాతుల్లో ఒకే ఒక్క కణం మందం. నీళ్లు, లవణాలు నేరుగా ఆ ఆకు పైనుంచే లోపలికి పోతాయి. ఈ చివరి సంగతిని పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పెద్ద కథకు అదే మూలం.

పేరులో మాస్ ఉన్నా మాస్ కానివి ఇంకా ఉన్నాయి. ధ్రువపు జింకలు మేసే రెయిన్‌డీర్ మాస్ ఒక లైకెన్. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఓక్ చెట్ల నుంచి వేలాడే స్పానిష్ మాస్ అనాస కుటుంబానికి చెందిన పూల మొక్క. ఐరిష్ మాస్ సముద్రంలో పెరిగే ఎర్ర శైవలం. మన బిర్యానీ మసాలాలోకి వచ్చే రాతిపువ్వు కూడా లైకెనే.

ఇక అసలు నాచు. హో అడవిలో మాత్రమే కాదు, అలాస్కా, కెనడా, స్కాండినేవియా, రష్యా పొడవునా సూదాకు చెట్ల కింద నేలను కప్పే నాచుల్లో తేలిగ్గా గుర్తుపట్టదగ్గది హైలోకోమియం స్ప్లెండెన్స్. ఇంగ్లిషువాళ్లు స్టెయిర్ స్టెప్ మాస్ అంటారు, అంటే మెట్ల నాచు. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఒక్క పోచను పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. పైన లేత పచ్చని, ఫెర్న్ ఆకు ఆకారంలో పరుచుకున్న ఒక అంతస్తు. దాని అడుగున కాస్త ముదురు రంగులో రెండో అంతస్తు. దాని కింద గోధుమరంగుకు తిరుగుతున్న మూడోది. ప్రతి ఏడాదీ కొత్త చిగురు పాత ఏడాది కొమ్మ చివర నుంచి రాదు, దాని నడుమ నుంచి లేచి పైకి వంపు తిరిగి మళ్లీ పరుచుకుంటుంది. కాబట్టి ఒక్కో మెట్టు ఒక్కో ఏడాది. పచ్చగా ఉన్న మెట్లు లెక్కపెడితే ఆ పోచ మొన్నమొన్నటి ఎదుగుదల చరిత్ర చేతిలో ఉన్నట్టే. అడుగు మెట్లు కుళ్లి అడవి మట్టిలో కలుస్తుంటాయి. ఆర్కిటిక్‌కు దగ్గరయ్యేకొద్దీ మెట్లు ఇంత తేటగా కనిపించవు.

మెట్లు చూశాక కాండం చూడాలి. ఎర్రగా ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, కాండాన్ని దాని దగ్గరికి తెస్తే, ఆకుల సందుల్లో సన్నటి పచ్చని నూగు కనిపిస్తుంది. అది దుమ్మూ కాదు, బూజూ కాదు. కాండం నుంచే పుట్టే కొమ్మలుగా చీలిన తంతువులు, నీటిని పట్టి ఉంచడానికి పనికొస్తాయి. కాండం మీది ఆకు అండాకారంగా మొదలై, చివరకు వచ్చేసరికి ఉన్నట్టుండి సన్నబడి వంకర్లు పోతుంది. ఎర్ర కాండం, నూగు, వంకర మొన, మెట్లు, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ఉత్తర దేశపు అడవిలో ఇంకో పేరు వెతకనక్కర్లేదు.

చిక్కల్లా పక్కనే పెరిగే దాయాదులతో. ప్లూరోజియం ష్రెబెరి కాండం కూడా ఎర్రనిదే, తడిసినప్పుడు ఆకుల్లోంచి ఆ ఎరుపు బయటికి కనిపిస్తుంది. కానీ మెట్లు ఉండవు, కొమ్మలు ఒక్క వరసే, కాండం మీద నూగు ఉండదు, ఆకు మొన మొద్దుగా ఉంటుంది. కెనడా లోపలి భాగాల్లో, ఫిన్లాండ్, స్వీడన్‌లలో కాస్త పొడిగా, ఆమ్లత్వం ఎక్కువగా ఉండే నేలల్లో ఎకరాలకు ఎకరాలు ఇదే రాజ్యం. దీన్ని పోలిందే సూడోస్క్లెరోపోడియం పూరం, దాని కాండం పచ్చన. యూరప్‌ది అయిన ఆ నాచు అమెరికా వాయవ్య తీరపు పచ్చికల్లోకీ చేరిపోయింది. టీలియం క్రిస్టా కాస్ట్రెన్సిస్ నిప్పుకోడి ఈక ఆకారంలో, కొమ్మల కొసలు ఒకేవైపు కొక్కెంలా తిరిగి ఉండడం వల్ల చూడగానే తేలిపోతుంది. సియాటెల్ చుట్టూ ఇళ్ల వెనుక అడవుల్లో రోజూ కాలికింద పడే కిండ్‌బెర్జియా ఒరెగానా కూడా ఫెర్న్ ఆకారమే గానీ ఒకే అంతస్తు, బల్లపరుపుగా అటూ ఇటూ వరసగా కొమ్మలు. చాలామంది మెట్ల నాచు అనుకునేది దీన్నే. రిటిడియాడెల్ఫస్ ట్రైక్వెట్రస్ మరీ గజిబిజిగా ఉంటుంది, త్రికోణపు ఆకులు అన్ని వైపులకూ రేగి నిలబడతాయి.

ఇవన్నీ నేలబారుగా అల్లుకునే రకం. వీటి గుళికలు కాండం పక్క నుంచి వస్తాయి. రెండో రకం నిటారుగా, గుబురుగా నిలబడతాయి, గుళిక కాండం కొస నుంచే లేస్తుంది. పాలీట్రైకం అలాంటిది. గట్టిగా, మొనదేలిన ఆకులతో చిన్న పైన్ మొలకలా కనిపిస్తుంది. డైక్రానమ్ ఆకులు గాలి కొట్టినట్టు ఒకవైపే వాలి ఉంటాయి. ల్యూకోబ్రయం తెల్లగా పాలిపోయిన గుండ్రని దిండ్లు కడుతుంది. ఆ తెలుపుకు కారణం ఆకులో నీటిని నింపుకునే ఖాళీ మృతకణాలు. గుర్తుపట్టడం నేర్చుకునేవాళ్లు ముందు ఈ రెండు గుంపులను వేరుచేయడం అలవాటు చేసుకుంటే తర్వాతి పని సగానికి తగ్గుతుంది.

మరో ఇబ్బంది ఎండ. నాచు తడిగా ఉన్నప్పుడు ఒక మొక్క, ఎండినప్పుడు ఇంకో మొక్క. పాలీట్రైకం ఎండితే ఆకులన్నీ కాండానికి అతుక్కుని పుల్లలా తయారవుతుంది, తడి తగిలితే నక్షత్రంలా విచ్చుకుంటుంది. అందుకే నాచులు చూసేవాళ్ల సంచిలో నీళ్లు చిమ్మే చిన్న సీసా ఉంటుంది. నాలుగు చుక్కలు చిమ్మి, ఆకులు తెరుచుకునేదాకా ఆగి, అప్పుడు చూస్తారు. అయితే ఎండినప్పటి రూపం కూడా ఒక ఆనవాలే. ఆకు లోపలికి చుట్టుకుందా, మెలికపడిందా, నిటారుగానే ఉందా అన్నది కొన్ని జాతుల్లో పేరు తేల్చేస్తుంది. రెండు రూపాలనూ ఫొటో తీసి పెట్టుకోవడమే మంచి పద్ధతి.

ఎక్కడ పెరుగుతుంది అన్న ప్రశ్న దగ్గరే విషయం నిజంగా రుచిగా మారుతుంది. టెట్రాఫిస్ పెల్లుసిడా అనేది ఎక్కువగా కుళ్లుతున్న సూదాకు చెట్ల మొదళ్లనే పట్టుకుంటుంది. దాని గుళిక మూతికి నాలుగే పళ్లు, కొమ్మల చివర చిన్న గిన్నెల్లాంటివి, వాటిలో పడ్డ వానచుక్క అందులోని పచ్చని పిలకలను చుట్టుపక్కలకు చిమ్ముతుంది. స్ప్లాక్నమ్ జాతులు పశువుల, జింకల పేడ మీద బతుకుతాయి. కుళ్లు వాసనతో ఈగలను రప్పించి, జిగట సిద్ధబీజాలను వాటి కాళ్లకు అంటించి, మరో పేడకుప్ప దాకా పంపుతాయి. గాలిని నమ్ముకున్న నాచుల మధ్య పురుగును నమ్ముకున్నవి ఇవి. షిస్టోస్టెగా పెన్నాటా గుహల నోళ్లలో, చెట్ల వేళ్ల కింది చీకటి బొరియల్లో పెరుగుతుంది. దాని లేత తంతువుల్లోని కటకాల్లాంటి కణాలు సన్నటి వెలుతురును ఒడిసిపట్టి వెనక్కి తిప్పడంతో బంగారు పచ్చని మెరుపు కనిపిస్తుంది. స్ఫాగ్నమ్ బురదనేలలది. టార్టులా మ్యూరాలిస్ రాతిగోడల సున్నపు అతుకులది. సున్నపురాయి మీద ఉండేవి నల్లరాయి మీదికి రావడం అరుదు.

అడవి తగలబడిన చోటికి ముందుగా వచ్చేవాటిలో ఒకటి ఫ్యునేరియా హైగ్రోమెట్రికా. తెలుగునాట బైపీసీ విద్యార్థులు బొమ్మ గీసి, భాగాలు రాసి, మార్కులు తెచ్చుకునే ఫ్యునేరియా ఇదే. బూడిదలోని లవణాలు, పోటీ లేని ఖాళీ నేల దానికి కావాలి. ఒకటి రెండేళ్లు ఆ నేలంతా ఎర్రటి కాడలతో నింపేసి, గడ్డి గాదం రాగానే తప్పుకుంటుంది. ఆ కాడలు తడి తగిలితే ఒకలా, ఎండితే ఇంకోలా మెలితిరుగుతాయి. జాతి పేరులోని హైగ్రోమెట్రికా దాని వల్లే వచ్చింది.

నాచు చెట్టుకు ఉత్తరం వైపే పెరుగుతుందనీ, దారి తప్పితే దాన్నే దిక్సూచిగా వాడుకోవచ్చనీ ఒక నమ్మకం ఉంది. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు ఎండ తక్కువ కాబట్టి తడి ఎక్కువ సేపు నిలుస్తుంది. అందులో ఆమాత్రం నిజం ఉంది. కానీ నాచు చూసేది దిక్కును కాదు, తడిని. వాలిన చెట్టుకు వాన జారే పై భాగం, మొదట్లో నేల చెమ్మ తగిలే భాగం, వాగు వైపు తిరిగిన భాగం, ఏది తడిగా ఉంటే అదే దానిది. హో లాంటి అడవిలో నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. అడవిలో దారి వెతుక్కునేవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు.

తెలుగు నేల మీద మెట్ల నాచును వెతకడం వృథా, అది చల్లని ఉత్తరపు అడవులది. కానీ వానాకాలం రాగానే ప్రహరీ గోడల మీద, పాత ఇటుక మెట్ల మీద పచ్చగా పరుచుకునేది ఉత్త పాచి అనుకుని చీపురుతో గీకేసేవాళ్లు ఒకసారి వంగి చూడాలి. అది చాలాచోట్ల హయోఫిలా ఇన్వొల్యూటా అనే నిజమైన నాచు, దేశమంతటా తడి గోడలకు అలవాటైనది. ఎండ తగిలితే ఆకుల అంచులు లోపలికి చుట్టుకుపోతాయి. అందుకే వేసవిలో గోడ మీద నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు, జూన్ వానకు రాత్రికి రాత్రి పచ్చబడుతుంది. అది కొత్తగా మొలిచింది కాదు, లేచింది. మామిడి బెరడు మీద సన్నగా అంటుకుని ఉండే ఎర్పోడియం మాంజిఫెరే పేరులోనే మామిడి ఉంది. ఉష్ణమండలమంతటా కొబ్బరి, తాటి జాతి చెట్ల మొదళ్ల మీద తెల్లటి గుబురులు కట్టేది ఆక్టోబ్లెఫారమ్ ఆల్బిడమ్. కాంక్రీటు పగుళ్లలో వెండిలా మెరిసే బ్రయం అర్జెంటియం మన నగరాల నుంచి అంటార్కిటికా దాకా ఉంది. లోతుగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు హెచ్.సి.గాంగులీ 1969 నుంచి 1980 దాకా భాగాలుగా వెలువరించిన తూర్పు భారత నాచుల గ్రంథం, పళని కొండల నాచుల మీద ఫాదర్ ఫోరో 1961లో ప్రచురించిన పని ఇప్పటికీ దారి చూపిస్తాయి.

పేరు తెలుసుకుని ఏం లాభం అన్న ప్రశ్నకు స్వీడన్‌లో గట్టి జవాబు దొరికింది. అక్కడి అటవీ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఓలోఫ్ టామ్ 1953లో మెట్ల నాచు ఎదుగుదల మీదే ఒక పెద్ద అధ్యయనం ప్రచురించాడు. ఏడాదికో మెట్టు కాబట్టి ఏ ఏడాది ఎంత పెరిగిందో కొలవడం వీలైంది. నాచుకు తిండి కింది మట్టి నుంచి పెద్దగా రావడం లేదనీ, వాన నీళ్లలోనూ పై చెట్ల కొమ్మల నుంచి కారే చుక్కల్లోనూ వస్తోందనీ ఆయన తేల్చాడు. వేర్లు లేకపోవడం, ఒక్క కణం మందపు ఆకు అన్నవి ఇక్కడ పనిలోకి వచ్చాయి. గాలిలో ఏం రాలితే అది నాచులోకి చేరుతుంది, చేరింది అక్కడే ఉండిపోతుంది.

స్వీడన్‌లోనే ఓకే ర్యూలింగ్, జెర్ముండ్ టైలర్ 1960ల చివర ఈ గుణాన్ని పట్టుకుని గాలిలోంచి రాలే సీసాన్ని నాచుల్లో కొలిచారు. తర్వాత ఆ పద్ధతి సరిహద్దులు దాటింది. 1990 నుంచి అయిదేళ్లకోసారి యూరప్ దేశాలు కలిసి అడవి నాచులు సేకరించి సీసం, కాడ్మియం లాంటి లోహాల లెక్క తీస్తున్నాయి. వాళ్లు ముందుగా వెతికేవి ప్లూరోజియం, హైలోకోమియం. గత రెండు మూడేళ్ల ఎదుగుదలను మాత్రమే కత్తిరించి పంపాలి. మెట్ల నాచయితే ఎక్కడ కత్తిరించాలో మెట్లే చెబుతాయి. పెట్రోలులో సీసం మానేసిన తర్వాత నాచుల్లో సీసం తగ్గుతూ రావడం ఈ లెక్కల్లో తేటతెల్లంగా కనిపించింది. ఖరీదైన యంత్రాలు ఊరూరా నిలబెట్టకుండా ఇన్ని దేశాల గాలి చరిత్ర తెలిసిందంటే, అది ఒక పోచను సరిగ్గా గుర్తుపట్టగలగడం వల్లే. పొరపాటున ఇంకో జాతిని కోస్తే అంకెలకూ అంకెలకూ పోలిక కుదరదు.

అమెరికాలో ఇదే పని ఒక నగరపు ప్రజల ఆరోగ్యాన్ని కాపాడింది. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్‌లో అమెరికా అటవీ శాఖకు చెందిన జెఫ్రీ డోనవన్, సారా జోవన్ బృందం వీధి చెట్ల బెరడు మీద పెరిగే ఆర్థోట్రైకం లైయెల్లీ అనే నాచును 346 చోట్ల తీసి పరీక్షించింది. నగరం పటం మీద కాడ్మియం మోతాదు ఎక్కువగా ఉన్న రెండు చోట్లు బయటపడ్డాయి. రెండింటి దగ్గరా రంగు అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. గాజుకు రంగు తేవడానికి కాడ్మియం వాడతారు. 2016లో ఆ ఫలితాలు బయటికి వచ్చాక ఆ ఫ్యాక్టరీలు కాడ్మియం వాడకం ఆపాయి, రాష్ట్రం పరిశ్రమల పొగ మీద కొత్త నియమాలు తెచ్చింది. అప్పటిదాకా ఆ వీధుల్లో పిల్లలు పీలుస్తున్నదేమిటో చెప్పింది చెట్టు మీది నాచు.

ఉత్తరపు అడవుల్లో ఈ నాచులు ఇంకో పనీ చేస్తాయి. టామ్ డెలూకా బృందం 2002లో నేచర్ పత్రికలో చూపించినట్టు, ప్లూరోజియం ఆకుల సందుల్లో నాస్టాక్ అనే సయనోబాక్టీరియా కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. హెక్టారుకు ఏడాదికి 1.5 నుంచి 2 కిలోలు. ఎరువు అంటే ఎరగని ఆ చలి నేలల్లో అది చిన్న లెక్క కాదు.

గుర్తుపట్టే పనిలో ఫోన్ యాప్‌లకు చోటు ఉంది, హద్దూ ఉంది. మెట్ల నాచు, నిప్పుకోడి ఈక నాచు లాంటివాటిని అవి బాగానే చెప్తాయి. చాలా జాతులకు మాత్రం ఆకు కణాల ఆకారం, గుళిక పళ్ల వరస చూడక తప్పదు, అంటే సూక్ష్మదర్శిని కావాలి. ఆ దారి వేసినవాడు యోహాన్నెస్ హెడ్విగ్. 1730లో ట్రాన్సిల్వేనియాలో పుట్టి, లైప్‌జిగ్‌లో స్థిరపడ్డ వైద్యుడు. 1799లో ఆయన పోయాక 1801లో వెలువడ్డ ఆయన గ్రంథమే ఒక్క స్ఫాగ్నమ్ కుటుంబానికి తప్ప నాచుల పేర్లన్నిటికీ నేటికీ మొదలు. అంతకుముందు పెట్టిన పేర్లు లెక్కలోకి రావు.

నమూనా తీసుకోవడానికి అనుమతి ఉన్న చోట చిటికెడు చాలు. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది. మడిచిన కాగితంలో పెట్టి నీడలో ఆరనిస్తే తరాల పాటు నిలుస్తుంది, ఎప్పుడు నీళ్లు చల్లినా ఆకులు విచ్చుకుంటాయి. కాగితం మీద రాయవలసింది తేదీ, ఊరు, ఎత్తు. అన్నిటికన్నా ముందు, దేని మీద పెరిగిందో. నేషనల్ పార్కుల్లో పోచను కూడా తీయకూడదు, వంగి చూడడం, ఫొటో తీయడం వరకే.

ఆ ఆంక్ష అనవసరం అనిపించవచ్చు గానీ, కారణం ఉంది. అమెరికా వాయవ్య తీరపు అడవుల నుంచి పూలబుట్టల అలంకరణకు, నర్సరీలకు నాచును మూటలు మూటలుగా ఊడబీకి అమ్మే వ్యాపారం ఉంది. ఖాళీ చేసిన కొమ్మ మీద ఆ మందం మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. నష్టం నాచు దగ్గరే ఆగదు. భారత సంతతికి చెందిన వృక్షశాస్త్రవేత్త నళినీ నద్కర్ణి ఒలింపిక్ ద్వీపకల్పంలో తాళ్లతో మేపుల్ చెట్లెక్కి, కొమ్మల మీది నాచు పొరల కింద చెట్టు తన కొమ్మల నుంచే వేర్లు వేసి తిండి తీసుకుంటోందని 1981లో సైన్స్ పత్రికలో రాసింది. ఆమె తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని సీడర్ క్రీక్ జైలుకు వెళ్లి, ఖైదీలతో కలిసి నాచు సాగు ప్రయోగాలు మొదలుపెట్టింది. అడవిని గీకకుండా వ్యాపారానికి కావలసిన నాచును పెంచవచ్చా, ఏ జాతి త్వరగా పెరుగుతుంది అన్నది అక్కడ పరీక్షించారు. పేర్లు అక్కరకొచ్చింది అక్కడ కూడా: ఏది ఏదో వేరుచేయడం రాకుండా ఏది ఎంత పెరిగిందో రాసుకోవడం కుదరదు కాబట్టి, ఖైదీలు ముందు నాచు జాతులను గుర్తుపట్టడం నేర్చుకున్నారు.